వీపు మీద తేదీ

కిందటి భాగం చదివి మీరు వారం రోజులు ఆగారు. నేనూ అన్ని రోజులే ఆగాను, నోరు మూసుకుని.

కిందటి బుధవారం మా ఊరి విలేజ్ క్లినిక్‌లో ట్యాబ్ ముందు మా మామను కూర్చోబెట్టిన సంగతి గుర్తుండే ఉంటుంది. పొద్దుటి నుంచి నన్ను మూడుసార్లు "ఎవురు పాపా నువ్వు?" అని అడిగిన మా మామ రామాంజులు, తెరలో కర్నూలు డాక్టర్ పద్మజ "ఇవాళ తేదీ ఎంత పెద్దాయనా?" అనగానే కళ్లు మూసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి "పదమూడు" అన్నాడు. నెల అడిగితే "ఎనిమిదో నెల." వారం అడిగితే "బుధవారం." మూడు మాటలు గుర్తుపెట్టుకోమంటే ఒకటే చెప్పాడు గానీ, లెక్కతో చెప్పేవి ఒక్కటీ తప్పు పోలేదు. "ముప్పైకి ఇరవై రెండు. మే నెలలో వచ్చినన్నే వచ్చాయి. చాలా సంతోషం" అంది డాక్టరు. నేను చప్పట్లు కొట్టబోయాను. అప్పుడే, మామ భుజం మీది టవలు కింద అత్త చేయి కదలడం చూశాను. ఆమె వేళ్లు ఆయన వీపు మీద తడుతున్నాయి.

ఇంటికి వచ్చేదాకా నేనేమీ అనలేదు. ఇంటికి వచ్చాకా అనలేదు. ఎందుకో సిగ్గు విడిచి చెప్తాను. నాకు ఒక కొళాయి దొరికింది.

మా ఆయన రాజేంద్ర హిందూపురంలో స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. ఆదివారం వస్తాడు, సోమవారం మొదటి బస్సుకు పోతాడు. పెళ్లయిన నాలుగు నెలల్లో, ఆషాఢం తీసేస్తే, మేము కలిసి ఉన్న రోజులు నా రెండు చేతుల వేళ్లకు సరిపోతాయి. ఈమధ్యే ఆయన అక్కడ రెండు గదుల పోర్షను చూశాడు. నీలిరంగు కిటికీ. వంటింట్లో కొళాయి. ఆ కొళాయి తిప్పి, నీళ్లు పడుతుంటే పద్నాలుగు సెకన్ల వీడియో తీసి పంపాడు. బోర్లన్నీ ఎండిపోయి, ట్యాంకరు హారన్ వినబడితే చాలు బిందెలతో పరుగెత్తే ఊళ్లో కూర్చుని ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్తే నవ్వుతారు. చివర్లో ఆయన వేలు అడ్డం పెట్టి నీళ్లు చిందిస్తాడు. నాలుగు చుక్కలు వచ్చి కెమెరా మీద పడతాయి. ప్రతిసారీ నేను కళ్లు మూసుకుంటాను, నిజంగా పడ్డట్టే.

శ్రావణం దాటకుండా గురువారం అక్కడ పాలు పొంగించాలి. దాటితే భాద్రపదం, శూన్యమాసం, కొత్త కాపురం పెట్టకూడదు. మామ స్థిమితంగానే ఉన్నాడు, అత్తయ్య ఒక్కరే చూసుకోగలరు అని డాక్టరు అన్నందుకే మా ప్రయాణం ఖాయమైంది. అంటే ఆ ఇరవై రెండు మార్కుల మీదే నా నీలి కిటికీ నిలబడి ఉంది. ఆ మార్కులు అత్త వేళ్లవని నేను ఒక్కదాన్నే చూశాను.

చూడలేదనుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. గురువారం దాకా, ఎనిమిది రోజులు.

సోమవారం మధ్యాహ్నం అత్త ట్యాంకరు దగ్గరికి పోయింది. మామ చాప మీద పడుకుని ఉన్నాడు. నేను మిద్దె ఎక్కాను, ఫోనుకు సిగ్నలు అందేది అక్కడే. కిటికీకి కర్టెన్లు తెల్లవా, గోధుమరంగువా అని ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. రాజేంద్ర "నీ ఇష్టం" అన్నాడు, నేను "నీ ఇష్టం" అన్నాను, ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. దిగి వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది.

గంటన్నర తర్వాత మేకల వెంకటప్ప ఆయన్ను చేయి పట్టుకుని నడిపించుకొచ్చాడు.

"ఏమ్మే కొత్తకోడలా, మీ మామను భద్రంగా పెట్టుకోండప్పా! వంకలో ఇసకలో కూచోని చీర నేస్తాండాడు. మగ్గం లేదు, పోగు లేదు, ఉత్త చేతులు. నా మేకలన్నీ చుట్టూ నిలబడి చూస్తాండాయి."

"యాడ దొరికినాడన్నా?"

"గాలిమరల కిందికి పోయే దారిలో వంకుంది గదా, ఆడ. చెప్పుల్లేవు. 'ఏమన్నా రామాంజులన్నా, యాడికి?' అంటే 'గోరంట్లకు, పట్టు తేవల్ల' అంటాడు. గోరంట్ల ఇట్లుంటే ఆయప్ప అట్ల పోతాండాడు."

మామ అరికాళ్లు రెండూ బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి. నేను కలబంద గుజ్జు రాస్తుంటే ఆయన కాలు వెనక్కి లాక్కోలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. నొప్పి తెలిసిన మనిషి లాక్కుంటాడు కదా.

అత్త రెండు బిందెలతో వచ్చి, దించి, ఆయన కాళ్లు చూసింది. ఏడవలేదు. ఎవరినీ తిట్టలేదు. పాత పంచె చింపి, తడిపి, రెండు పాదాలకూ చుట్టింది.

"అత్తా, బుధవారం నేను చూసినా" అన్నాను.

"ఏం చూసినావు?"

"నీ చెయ్యి."

అత్త ముడి వేయడం ఆపలేదు. "చూసి అయిదు దినాలాయ. అయిదు దినాలు గమ్మునుంటివే. అంటే నువ్వూ తట్టినట్లే గదమ్మే."

అంత మెత్తగా, అంత సూటిగా నన్ను ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు.

"అది గాదత్తా..."

"తప్పు బట్టలేదులే. రా, ఈడ కూచో."

ముందుగదిలో గుంతమగ్గం ఉంది. రెండేళ్లుగా దాని మీద సగం నేసిన చీర అలాగే ఉంది, మీద దుప్పటి కప్పి. అత్త దుప్పటి తీసి, గుంతలో కాళ్లు పెట్టించి, నన్ను మామ కూర్చునే చోట కూర్చోబెట్టింది. తను పక్కన కూర్చుంది.

"కుట్టు అంచు చీరకు ఇద్దరుండల్ల. చీర ఒడలు ఆయప్ప నేస్తే ఈ పక్క అంచు నేను నేసేదాన్ని. పైన జకార్డు పెట్టె టకటకా కొట్టుకుంటాంటే మనం అరిచినా ఇనపడదు. అందుకని..." నా వీపు మీద అరచేయి ఆనించింది. "పోగు తెగితే ఇట్ల ఒక తట్టు. రంగు మార్చల్లంటే ఇట్ల రెండు. బుటా ఎన్నో పోగు కాడికి వచ్చినాదో చెప్పల్లంటే, పదికి ఒక రుద్దు, ఒకటికి ఒక తట్టు. వారమైనా అంతే, ఆదివారం నించి ఎంచుకోవల్ల. ఇదో, ఇదెంత?"

ఒక రుద్దు. మూడు తట్లు.

"పదమూడు" అన్నాను. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఆ వేళ్లు ఎంత తేలికగా పడ్డాయో! చిన్నప్పుడు స్కూల్లో వెనక బెంచీ నుంచి నా స్నేహితురాలు ఇలాగే గీకేది.

అత్త కూడా నవ్వింది. తర్వాత ఆ నవ్వు అలాగే ముఖం మీద ఉండగానే చెప్పింది. "మొదటి పరీక్షప్పుడు ఆయమ్మ తేదీ అడిగితే ఈయప్ప బిత్తరచూపులు చూస్తాండాడు. చెమటలు పట్టినాయి. నలభై రెండేండ్లు పక్కన కూచున్నానమ్మే. నా చెయ్యి దానంతట అదే పోయింది. పోగు తెగితే ముడెయ్యకుండా ఎవురన్నా ఉంటారా?"

"డాక్టరుకు నిజం తెలియకపోతే మందెట్ల మారుస్తాది అత్తా?"

"మార్చి ఏం జేస్తాది? పక్కింటి ఓబుళేసు వాళ్లమ్మకు మార్చలేదా? పగలూ రేయీ మగతే. మంచం మీద మూట మాదిరి పడుండాది." కాసేపు చీర అంచును గోటితో సరిచేసింది. "అసలు సంగతి అది గాదులే. నిజం చెప్తే ఆయమ్మ ఏమంటాది? ముసలాయన కాడ ఇంగో మనిషుండల్ల అంటాది. ఆ ఇంగో మనిషి ఎవురు? నువ్వే. నేను పెండ్లయిన మూడో దినం ఈ గుంతలో కాళ్లు పెట్టినా. మళ్ల తీయలేదు. నువ్వు గురువారం పోవల్ల. పోయి కొళాయి కింద బిందె పెట్టుకోవల్ల."

కొళాయి సంగతి ఆమెకు తెలుసు! వీడియో చూపించింది నేనే. రెండుసార్లు చూపించాను.

"చెప్పనని చెయ్యి వెయ్యి" అంది.

వేశాను. గుంతలోంచి కాళ్లు తీయకుండానే ఆమెను పట్టుకుని బాగా ఏడ్చి, వేశాను. ఆ సాయంత్రం నా చపాతీలు మొదటిసారి గుండ్రంగా వచ్చాయి. దానికి కూడా సంతోషపడ్డాను. నేను అలాంటి మనిషిని.

బుధవారం వచ్చింది. రేపు పొద్దున ఏడింటికి రాజేంద్ర ట్రాలీ ఆటో తీసుకొస్తానన్నాడు. నా స్టీలు డబ్బాలు అప్పటికే పాత చీరలో మూట కట్టి ఉన్నాయి. పొద్దున్నే అత్త ముఖం చూడటానికి మనసొప్పక ముగ్గు వేసి, నేరుగా పెరట్లోకి పోయి, క్లినిక్‌కు బయలుదేరేదాకా అంట్లు తోముతూనే ఉండిపోయాను.

క్లినిక్‌లో లోపలి గదిలో సిగ్నలు లేదు. కృపాకుమారి సిస్టర్ ట్యాబ్ పట్టుకుని నాలుగు మూలలా తిరిగి, చివరికి వరండాలో బల్ల వేయించింది. "రాండి మామా, ఈడ గాలి గూడ బాగుంటాది." బీపీ చూపించుకోవడానికి వచ్చిన వెంకటప్ప మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురు వీధిలో వినాయకుని పందిరికి కొయ్యలు పాతుతున్నారు. తెరకు ఎదురుగా మామ, ఆయన ఎడమ పక్క అత్త, అత్త పక్కన నేను.

తెర వెలిగింది. డాక్టర్ పద్మజ ఇవాళ నవ్వలేదు.

"సోమవారం పెద్దాయన ఇల్లు వదిలి వెళ్లిపోయారని సిస్టర్ రాసింది. ఇరవై రెండు మార్కులు వచ్చిన మనిషి పుట్టి పెరిగిన ఊళ్లో దారి తప్పారంటే నాకు అర్థం కావడం లేదు. అందుకే నెల ఆగకుండా పిలిచాను. పెద్దాయనా, బాగున్నారా?"

"బాగుండా."

"ఇవాళ తేదీ ఎంత?"

మామ కళ్లు మూసుకున్నాడు. టవలు కింద అత్త చేయి లేచింది. నేను కిందికి చూశాను. బల్ల కింద ఆయన పాదాలు, పాత పంచె గుడ్డల్లో, పురిటి బిడ్డల్లా పక్కపక్కన ఉన్నాయి. గుడ్డ మీద రసి కారి పసుపుపచ్చగా అంటింది. గురువారం మేము పోతాం. శుక్రవారం ఈ కాళ్లు మళ్లీ బయలుదేరతాయి. అత్త ట్యాంకరు దగ్గర ఉంటుంది. వెంకటప్ప మేకలు ఆ రోజు ఇంకో వైపు పోతాయి.

ఇదంతా ఆలోచించి చేశానని చెప్తే అబద్ధం. నా చేయి పోయింది, అంతే. టవలు కిందికి పోయి అత్త చేతిని గట్టిగా పట్టుకుంది.

మామ ఆగాడు. కళ్లు తెరవలేదు. వీపును కొంచెం వెనక్కి జరిపాడు, చేయి అందనంత దూరంలో ఉందేమోనన్నట్టు. మళ్లీ ఆగాడు. ఇంకొంచెం జరిగాడు. అత్త చేయి నా గుప్పిట్లో పిట్టలా కొట్టుకుంటోంది.

"పెద్దాయనా, తేదీ?"

మామ కళ్లు తెరిచి, తెరను కాదు, అత్తను చూశాడు. "ఏమే," అన్నాడు, "పోగు తెగినాదా?"

సిస్టర్ ట్యాబ్‌ను ఆయనకు ఇంకొంచెం దగ్గరికి జరిపింది.

"ఏమంటున్నారు ఆయన?" అంది డాక్టరు.

నేను చెప్పాను. మగ్గం, రుద్దు, తట్టు, అన్నీ. చెప్తున్నంతసేపూ అత్త నన్నే చూస్తోంది. కోపంగా కాదు. బస్సు తప్పిపోయిన మనిషి బస్సు పోయిన దారిని చూసినట్టు చూస్తోంది.

"చెయ్యి వేస్తివే" అంది మెల్లగా.

డాక్టరు నన్నూ అత్తనూ ఒక మూర వెనక్కి జరగమంది. మొదటి నుంచి మళ్లీ అడిగింది. తేదీ లేదు. నెల లేదు. ఏ ఊరంటే "మాదే" అన్నాడు. గడియారం చూపించి ఇదేంటంటే "తిరిగేది" అన్నాడు. సిస్టర్ పెన్ను చూపిస్తే తీసుకుని, పోగు చుట్టే కండెలా రెండు వేళ్ల మధ్య పెట్టుకుని, తిరిగి ఇవ్వలేదు.

"ఎనిమిది" అంది డాక్టరు చివర్లో.

"ముప్పైకా మేడమ్?" అన్నాను, తెలిసే.

"అమ్మా, పది నెలలుగా నేను ఆయనకు వైద్యం చేస్తున్నాననుకున్నాను. మీ వేళ్లకు చేశాను." కోప్పడలేదు, అలిసిపోయినట్టు అంది.

"అప్పుడే మందు పెంచి ఉంటే?" అన్నాను.

"కొంచెం నెమ్మదించేదేమో. ఆగేది కాదు. ఇది ఆగే జబ్బు కాదమ్మా. ముందు దారులు పోతాయి, తర్వాత మనుషులు. ఆ తర్వాత ముద్ద మింగడం కూడా..."

అక్కడ తెర బిగుసుకుపోయింది. నోరు సగం తెరిచి, కనురెప్పలు సగం వాలి, డాక్టరు అలాగే నిలిచిపోయింది.

"ఆయమ్మ గూడ మర్చిపోయినట్లుండాది" అన్నాడు మెట్ల మీద నుంచి వెంకటప్ప.

ఎవరూ నవ్వకూడదు. కానీ సిస్టర్ ముక్కులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది, అత్త పెదవి కదిలింది, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మామ మేము నవ్వుతున్నందుకు తనూ నవ్వాడు. ఆయన నవ్వితే ఎంత బాగుంటాడో! ముందుపళ్ల మధ్య సందు, రాజేంద్రకున్నట్టే. ఆ పది సెకన్లు మేము ఒక మామూలు కుటుంబంలా వరండాలో కూర్చున్నాం.

తెర కదిలింది. డాక్టరు ఏవో కాగితాలు తిప్పుతోంది.

"సిస్టర్, జులై తొమ్మిది చూడు. ఆ రోజు పద్నాలుగే వచ్చాయి. సిగ్నలు సరిగా లేదని రాసి వదిలేశాం. కానీ ఇక్కడ చూడు. తేదీ అడిగితే 'ఇరవై ఆరు' అన్నారు. నెల 'నాలుగో నెల.' వారం 'శనివారం.' మూడూ తప్పే. కానీ మూడింటి పక్కనా 'వెంటనే చెప్పారు' అని నేనే రాసుకున్నాను. తెలియని మనిషి తడుముకుంటారు కదా, ఇందాక తడుముకున్నట్టు." ఆమె ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. "అమ్మా, ఆ రోజు కూడా వీపు మీద తట్టింది మీరేనా?"

"నేనే" అంది అత్త. కొంచెం గర్వంగానే అంది. "నేను గాక ఇంగెవురు మేడమ్?"

సిస్టర్ రాస్తున్న చేయి ఆగిపోయింది. నాకింకా అర్థం కాలేదు. నేను జులైలో ఆషాఢానికి లేపాక్షిలో, మా నాయన పూజాసామాను అంగట్లో కూర్చుని రాజేంద్రకు మెసేజీలు పెడుతున్నాను.

"మిమ్మల్ని కూడా రెండు మాటలు అడగనా అమ్మా?"

"నన్నెందుకు మేడమ్? నేను బాగుండా. నిన్న రెండు బిందెలు మోసినా."

"ఊరికేనమ్మా. మీ పేరు?"

"లక్ష్మీనరసమ్మ."

"మీ ఆయన పేరు?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించింది. సిస్టర్ నవ్వింది. "మా పక్క పెద్ద ఆడోళ్లు మొగుని పేరు పలకరు మేడమ్. అది అడగొద్దండి."

"నా పెండ్లాం అయితే పేరొక్కటి తప్ప అన్నీ పలుకుతాది" అన్నాడు వెంకటప్ప.

ఈసారి అందరం బాహాటంగానే నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. ప్రశ్న దాటిపోయింది. దాన్ని దాటించింది మేమే.

"సరే, మీ అబ్బాయి పేరు?"

"రాజేంద్ర." టక్కున చెప్పింది. నాకు ఊపిరి వచ్చింది.

"ఇవాళ తేదీ ఎంత?"

అత్త నా వైపు తిరిగింది.

ఆ చూపు నాకు తెలుసు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ తెలుసు. పరీక్ష ఉన్న ప్రతి బుధవారం పొద్దున, నేను ముగ్గు వేస్తుంటే వచ్చి, గడప మీద నిలబడి, "ఈ దినం ఎంత తేదీమ్మే? ఏ నెల?" అని అడిగేది. నేను ముగ్గుపిండి చేతులతోనే, పాటలా చెప్పేదాన్ని. మామకు తట్టడానికి కాబోలు అని మొన్న సోమవారం అర్థం చేసుకున్నాను, తెలివైనదాన్నని మురిసిపోయాను కూడా. తట్టడానికే. కానీ ఆమెకు తెలిసి, సరిచూసుకోవడానికి కాదు. నేను లేని జులైలో చెప్పేవాళ్లు లేక, ఆమెకు తోచిందే తట్టింది. ఇరవై ఆరు, నాలుగో నెల, శనివారం. మామ నమ్మి పలికాడు. మతి తప్పిన మనిషికి ఇన్నాళ్లూ దారి చూపించింది దారి తెలియని మనిషి.

ఈ పొద్దున నేను పెరట్లో అంట్లు తోముతూ దాక్కున్నాను. ఆమె గడప దాకా వచ్చి వెనక్కి పోయి ఉంటుంది. ఇందాక టవలు కింద నేను పట్టుకున్న చేయి ఏ తేదీ తట్టబోయిందో ఇక ఎప్పటికీ తెలియదు.

"అటు చూడకుండా చెప్పండమ్మా."

"పండగ దగ్గరికొచ్చినాది గదా మేడమ్" అంది అత్త. గొంతులో కొత్త కోడలి బెరుకు. "అదో, పందిరి గూడ ఏస్తాండారు."

"ఏ పండగ?"

అత్త ఎదురుగా పాతుతున్న కొయ్యలను చూసింది. చాలాసేపు చూసింది.

"ఉగాది."

కొయ్య మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. వెంకటప్ప చేతిలోని బీపీ చీటీ మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. అతను ఏదో ఒకటి అంటాడని ఎదురు చూశాను.

నేను అత్త చేయి మళ్లీ పట్టుకున్నాను. ఈసారి ఆపడానికి కాదు. చల్లగా ఉంది. అవతలి పక్క మామ ఏమీ తెలియక, సిస్టర్ పెన్నును అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దూరుస్తున్నాడు.

డాక్టరు గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "లక్ష్మీనరసమ్మ గారూ, ఒక్కటి చెప్పండి. ఆఖరిది. ఇంట్లో మీరూ ఆయనా కాకుండా ఇంకెవరున్నారు?"

అత్త ఆలోచించలేదు. తడుముకోలేదు.

"ఎవురూ లేరు మేడమ్. మేమిద్దరమే."

నా గుప్పిట్లో ఆమె చేయి అలాగే ఉంది. నాలుగు నెలలుగా నా చేతి సంకటి తిన్నది. నా తలకు నూనె పెట్టింది. నేను ఇక్కడే, ఆమె మోకాలికి నా మోకాలు తగిలేలా కూర్చుని ఉన్నాను. మరిచిపోయిందా? లేక రేపు ఏడింటి ఆటో ఎక్కించడానికి, డాక్టరు ముందు నన్ను లెక్కలోంచి తీసేసిందా? ఆ ముఖం చూసి ఏదో ఒకటి తేల్చుకోవాలని చూశాను. తేలలేదు.

డాక్టరుకు కూడా తేలలేదేమో. "ఇంకెవరూ లేరా?" అని మళ్లీ అడిగింది. "మరి మీ చేయి పట్టుకుని కూర్చున్న ఈ అమ్మాయి ఎవరమ్మా?"

అత్త తన చేతిని నా గుప్పిట్లోంచి మెల్లగా తీసుకుంది. నా వైపు తిరిగి, పాపిట్లోని కుంకుమ నుంచి మెట్టెల దాకా నన్ను నింపాదిగా చూసింది. చూసి, చెప్పడానికి నోరు తెరిచింది.